ఎర్రదారం కట్టిన గణపతి ఎవరిది?

వాన పడబోయే ముందు మా షెడ్డులో టార్పాలిన్ కింద నుంచి ఒక వాసన వస్తుంది. తడి పీఓపీ, కొబ్బరి పీచు, నిరుడు మడిచి పెట్టిన ప్లాస్టిక్ కలిసిన వాసన. ధూల్‌పేటలో విగ్రహాలు చేసేవాళ్ళకు అది చేతినిండా పని దొరికే వాసన. నాకు మాత్రం అది ముక్కుకు తగలగానే భయం మొదలవుతుంది. పోయిన వారం మొదటి వాన పడ్డప్పుడు టీ గ్లాసు ఎక్కడిదక్కడ పెట్టి షెడ్డంతా ఒక చుట్టు తిరిగి వచ్చాను. మెయిన్ స్విచ్ మీదికి నీళ్ళు కారుతున్నాయా, పక్కనే పారే నాలా, అదే మురుగుకాలువ వైపు గోడకు పేర్చిన ఇటుకలు అలాగే ఉన్నాయా, రంగులేసేవాళ్ళు ఎక్కే బల్ల ఊగుతోందా అని. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మనసు కుదుటపడలేదు. ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, కృపా ఆంటీ అంటించి పోయింది.

కృపా ఆంటీది శాలిబండ. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక, ఏజెంటుగా చిన్న చిన్న దుకాణాలు, కార్ఖానాలు తిరిగేది. చంకలో గొడుగు, భుజానికి రెగ్జిన్ బ్యాగు. షేరింగ్ ఆటో దిగీ దిగగానే తల పైకెత్తి చూసేది. మబ్బు చూస్తోందని మొదట్లో అనుకున్నాను. కాదు, కరెంటు తీగలు ఎక్కడ వేలాడుతున్నాయో చూసేది. ఆమె మా షెడ్డుకు రావడానికి కారణం పక్క గల్లీలో వైరింగ్ కాలి ఒకాయన అచ్చులన్నీ బూడిద కావడం. విగ్రహం పోతే మళ్ళీ పోసుకోవచ్చు, అచ్చు పోతే మా పనికి చేతులు విరిగినట్టే. అమ్మ పోయినప్పటి నుంచి బిల్లులు, కూలీల సంగతి చూసుకునేది నేనే. ఆ బూడిద చూసి వచ్చాక నాకు అన్నం సయించలేదు. ఎవరినో అడిగి ఆంటీని పిలిపించాను.

మా బాపుకు ఆమె రావడం అస్సలు నచ్చలేదు. ఆయన గణపతి చెవికి మట్టి అద్దుతూనే, తల తిప్పకుండా అన్నాడు: "విఘ్నాలు తీసే దేవుణ్ణి చేసేటోనికి ఇన్సూరెన్స్ ఏందమ్మా?"

"మీ దేవుని మీద నాకేం అనుమానం లేదన్నా," అంది ఆంటీ. "మీ వైరింగ్ మీదనే."

బాపు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆంటీ మాత్రం నవ్వలేదు. బ్యాగు తెరవలేదు, కాగితం తీయలేదు. షెడ్డులో అడుగడుగునా ఆగి, వేలు చూపించి, "గిది పోతే ఏమైతది?" అని అడగడం మొదలుపెట్టింది. అగ్గి అంటుకుంటే ఒక పాలసీ అని, నాలా పొంగి నీళ్ళు లోపలికొస్తే అదీ అందులో రాయించుకోవచ్చని చెప్పింది. కానీ వరద వేరు, మన కప్పు మనం బాగుచేయించుకోక కారడం వేరు. కప్పు కారితే ఎవడూ ఇవ్వడు. రంగులేసేవాడు బల్ల మీద నుంచి పడితే దానికి ఇంకో పాలసీ. విగ్రహం ఒరిగి దారిన పోయేవాడి మీద పడితే మరొకటి. లారీలో పోయేటప్పుడు విరిగితే అది వేరే, దొంగతనం వేరే. అప్పటిదాకా మా షెడ్డు నాకొక ఇల్లులా కనిపించేది, ఇప్పుడు ఎటు చూసినా విరగడానికి సిద్ధంగా ఉన్న వస్తువులే.

"గిన్నిటికి కట్టుకుంట పోతే లడ్డూ గణపతికి కాదు, మీ ఆఫీసుకే పెట్టాలె," అన్నాడు బాపు.

"అన్నీ కట్టుమని నేనంటలేనన్నా. దుప్పటి ఒక్కటే ఉన్నది, తల కప్పుకుంటే కాళ్ళు బయటికొస్తయ్. పోతే తట్టుకునేదానికి పాలసీ తీస్కోకుండ్రి. పోతే మళ్ళ లేవలేనిది ఏందో, దానికి తీస్కోండ్రి."

నా ముప్పై ఏళ్ళ బతుకులో, చదువులో గానీ సంసారంలో గానీ, ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. దొంగతనం వదిలేశాం. గణపతిని భుజాన వేసుకుని పోయే దొంగ ధూల్‌పేటలో ఇంకా పుట్టలేదు. లారీ వదిలేశాం, విగ్రహం కొనేవాళ్ళే బండి తెచ్చుకుంటారు. అగ్గి, వరద, పనివాళ్ళు, ఈ మూడూ ఉంచుకున్నాం. ఖర్చు తగ్గుతుందని బాపు సరుకు విలువ సగమే రాయించబోతే ఆంటీ ఒప్పుకోలేదు. "సగమే రాపిస్తే, ఎంత పోయినా దాంట్ల సగమే ఇస్తరన్నా. నష్టం కూడ సగమే చూస్తరు," అని రెండు మూడుసార్లు చెప్పింది. సీజన్లో షెడ్డు నిండిపోతే వెనక ఖాళీ జాగాలో విగ్రహాలు పెడతామని నా నోటి నుంచి జారితే, ఆ జాగా చిరునామా కూడా రాయించేదాకా ఊరుకోలేదు.

పాలసీ వచ్చింది కదా, ఇక ఆమె పని అయిపోయిందనుకున్నాను. శ్రావణం రాకముందే మళ్ళీ దిగింది. అప్పటికి బయానాలు, అంటే విగ్రహాలకు అడ్వాన్సులు, మొదలయ్యాయి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గణేశ్ మండలి పిల్లలు వచ్చి విగ్రహం ఎంచుకుని బయానా ఇస్తే, వాళ్ళ చేతనే విగ్రహం మణికట్టుకు ఎర్రదారం కట్టిస్తాం. దారం పడ్డాక ఎవరు ఎంత ఎక్కువ ఇస్తామన్నా బాపు ఆ విగ్రహాన్ని చూపించడు కూడా, ముఖం మీద బట్ట కప్పేస్తాడు. "ఇగ గిది మనది కాదు," అంటాడు. మా తాత కూడా అంతేనట.

ఆ దారాలు చూసి కృపా ఆంటీ ముఖం మారిపోయింది. బాపును అడిగింది. ఆయన గర్వంగా చెప్పాడు. ఆమె అక్కడే స్టూల్ మీద కూలబడి కొంగుతో మెడ తుడుచుకుంది.

"అన్నా, పాలసీ మీ సరుకుకు తీస్కున్నం. మీరు సగం సరుకు నాది కాదంటున్నరు."

"మాట ఇచ్చినంక నాదెట్లయితది?"

"సరే. రేపు వాళ్ళు తీస్కపోకముందే పగిలితే?"

"ఇంకోటి చేసిస్త. గదేం అడుగుడు?"

ఆ మాట పట్టుకుని ఆమె ఆఫీసు చుట్టూ తిరిగింది. మా సొంతవే కాక, ఇతరులవై మా దగ్గర ఉండి మేము జవాబుదారీగా ఉన్నవి, అమ్ముడైనా ఇంకా అప్పజెప్పనివి కూడా పాలసీలో చేరేలా ఒక వాక్యం రాయించుకొచ్చింది. ఆ రోజు ఆమెను ఆటో దాకా సాగనంపుతూ అడిగాను, ఎందుకాంటీ అంత ఫికర్ అని.

"ఆఫీసుల నా సీటు క్లెయిముల కాడ ఉండె బిడ్డా. 'రాదు' అని చెప్పుడే నా పని. లక్కగాజులు చేసేటాయన ఒకాయన వచ్చిండు. పాలసీ మీద ఇంటి అడ్రస్ ఉన్నది, కాలింది దుకాణం. రాదని చెప్పిన. ఆయన లొల్లి చెయ్యలే. 'మంచిది మేడం, మీకు తక్లీఫ్ ఇచ్చిన' అన్కుంట కాగితం మడిచి జేబుల పెట్టుకుని పోయిండు. తిట్టినోళ్ళందర్నీ మర్చిపోయిన గని, గాయన్ను మర్చిపోలే."

ఆమె ఎందుకు నవ్వదో నాకప్పుడు తెలిసింది. జాలేసింది. అంతకన్నా ఎక్కువ, భయం వేసింది.

పండుగ దగ్గర పడ్డాక ఒక పొద్దున నాలా పొంగింది. ఇటుకల మీదుగా బురదనీళ్ళు లోపలికొచ్చాయి. అడుగుభాగాలు మెత్తబడి విగ్రహాలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. అచ్చులు కొన్ని నీళ్ళలో తేలాయి. బాపు విరిగిన తొండం ఒకటి చేతిలో పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. విరిగిన దేవుణ్ణి ఇంట్లో ఉంచకూడదు, అన్నిటినీ నిమజ్జనం చేద్దామని ఆయన ముక్కలు ఏరబోయేసరికి నేను కృపా ఆంటీకి ఫోన్ చేశాను. "ఒక్క ముక్క కదిలించకుండ్రి, ఆఫీసు నుంచి సర్వేయర్ వచ్చి చూడాలె," అంది. బాపు నా మీద కోపంగా తెల్ల పంచెలన్నీ తెచ్చి ఆ ముక్కల మీద కప్పాడు. సర్వేయర్ వచ్చేదాకా ఆయన ఆ షెడ్డులో చెప్పులు వేసుకోలేదు. క్లెయిమ్ రాకపోతే షెడ్డు వదులుకోవాలి, మిగిలిన అచ్చులు అమ్ముకోవాలి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

సర్వేయర్ చెడ్డవాడు కాదు. బురదలోకి దిగి ఒక్కొక్కటీ చూశాడు. బట్ట తొలగించినప్పుడు మణికట్టు దారం కనిపించింది.

"ఈ దారం ఏమిటండీ?"

"బయానా అయినయ్ సార్," అన్నాడు బాపు.

"అంటే ఇవి మీవి కావా?"

"కావు సార్. వాళ్ళయి."

సర్వేయర్ రాసుకున్నాడు. ఇంకో బట్ట తొలగించాడు, దానికీ దారం. మళ్ళీ రాసుకున్నాడు. ఆ నష్టం మాదేనని కూడా రాయకపోతే ఆంటీ రాయించిన వాక్యం పనికిరాదు. ఆయన వెంట వచ్చిన కృపా ఆంటీ స్టూల్ మీద కూర్చుని ఉంది. ఆమె చెప్తుందేమోనని చూశాను. గొడుగు పిడి రెండు చేతులతో బిగించి పట్టుకుంది కానీ నోరు విప్పలేదు. నన్నే చూస్తోంది. అబద్ధమాడమని బాపుకు చెప్పలేను, చెప్పినా ఆడడు. అప్పుడు ఆమె ప్రశ్నే నా నోటికొచ్చింది.

"బాపూ, గివి పోయినయ్ కదా. ఇప్పుడు వాళ్ళకు ఎవలు చేసియ్యాలె?"

బాపు నన్ను వింతగా చూశాడు. "మనమే చేసియ్యాలె. ఇల్లు అమ్మైన చేసియ్యాలె. మాటిచ్చినం గదనే."

సర్వేయర్ పెన్ను ఆపాడు. "నష్టం మీదేనన్నమాట. అలాంటి సరుకు పాలసీలో రాశారా?"

"రెండో పేజీల ఉన్నది సార్," అంది కృపా ఆంటీ. ఆయన వెళ్ళాక మంచినీళ్ళు అడిగి తాగింది. "నేను చెప్తే ఏజెంటు మాట అయితుండె. నువ్వు అడిగితే మీ బాపు మాట అయింది," అంది.

క్లెయిమ్ పండుగకు అందలేదు. తెలిసినవాళ్ళ అచ్చులు అడిగి తెచ్చుకుని, చిన్న విగ్రహాలు చేసి మండలి వాళ్ళందరికీ ఇచ్చాం. కొందరు సణిగారు, కొందరు బాపు కాళ్ళు మొక్కారు. చలికాలంలో క్లెయిమ్ వచ్చింది, అడిగినంత కాకపోయినా షెడ్డు నిలబడేంత. స్వీట్లు తీసుకుని శాలిబండ వెళ్తే, దండం పెట్టబోయిన నా చేతులు ఆంటీ పట్టుకుని దించేసింది. "కప్పు బాగు చేపిచ్చినరా?" అని అడిగింది.

ఇప్పుడు బాపు లేడు, ఆంటీ లేదు. షెడ్డు నేనే నడుపుతున్నాను. పాలసీ రెన్యువల్ కోసం మొన్న కొత్త ఏజెంటు ఒకతను ఫోన్ చేశాడు. మంచి పిల్లవాడే, తొందరగా మాట్లాడుతున్నాడు. స్టాక్ అంతా మీదేనా మేడం, అవునని పెట్టేస్తాను అన్నాడు.

"పెట్టకు బాబూ. సగం నాది కాదు. పోతే మాత్రం నేనే చేసియ్యాలె."

అతనికి అర్థం కాలేదు. ఫోన్లో అయిపోయే పనికి రావడం ఎందుకన్నాడు. ఒకప్పుడైతే సిగ్గుపడి ఊరుకునేదాన్ని.

"ఒకసారి వచ్చి షెడ్డు చూసి రాయి. నాకు మస్తు భయమైతది," అన్నాను.

అతను అడ్రస్ చెప్పండి మేడం అన్నాడు. షెడ్డుది చెప్పాను. వెనక ఖాళీ జాగాది కూడా చెప్పాను.