నెల్డా చేతికి కుదిరిన పిస్టల్

నెల్డా రస్క్ మా కౌంటీలో గుర్రాలకు లాడాలు కొడుతుంది. టెక్సాస్ ఉత్తరాన, ఒక గేటు దాటాక ఇంకో గేటు ఎప్పటికి వస్తుందో తెలియని రాంచ్‌ల మధ్య, పాత పికప్ ట్రక్కులో కొలిమి, దాగలి, ఆకురాళ్లు వేసుకుని ఒక్కతే తిరుగుతుంది. నా గుర్రాలకూ ఆమే లాడాలు కొడుతుంది. కాబట్టి ఈ సంగతుల్లో కొన్ని నేను కళ్లారా చూసినవి, మిగతావి గుర్రం గిట్టను మోకాళ్ల మధ్య బిగించుకుని, తల ఎత్తకుండా ఆమె నాకు చెప్పినవి.

పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక చాలామంది రాంచ్ యజమానులు "ఆడమనిషి చేత లాడాలా" అని మొహం చాటేశారు. ఆ చాటేసినవాళ్లే గుర్రాలు కుంటడం మొదలుపెట్టాక మళ్లీ ఫోన్లు చేశారు. ముప్పయ్యో పడిలో ఉండగా, బెదిరిన పిల్లగుర్రం ఒకటి తాడు లాక్కుని పరిగెత్తితే, ఆ తాడు ముడిలో పడి ఆమె కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తెగిపోయాయి. గాయం మానగానే సుత్తి పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకుని, మిగిలిన మూడు వేళ్లతోనే మేకులు దిగ్గొట్టడం మొదలుపెట్టింది. భర్త గుండెపోటుతో పోయినప్పుడు కూడా వారం తిరక్కుండా పనిలోకి వచ్చింది. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుందని అంది.

అలాంటి మనిషి ఒక వసంతంలో నది లోయలోని రాంచ్‌లకు వెళ్లడం మానేసింది.

జరిగిందేమిటంటే, లోయలో పని ముగించుకుని వస్తుంటే బూడిదరంగు ట్రక్కు ఒకటి వెంటపడింది. ఆమె నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. చివరకు ముందుకు దూసుకెళ్లి, గేటుకు అడ్డంగా ఆగింది. అందులోంచి దిగినవాడు వచ్చి నెల్డా కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి, నవ్వుతూ అలాగే నిలబడ్డాడు. తలుపులు బిగించుకుని ఆమె కూర్చుంది. అదృష్టం కొద్దీ దూరాన దుమ్ము లేచింది. పశువుల లారీ ఏదో ఇటే వస్తోంది. వాడు తాపీగా వెళ్లి బండెక్కి పోయాడు.

నెల్డా పోలీసులకు చెప్పుకోవడానికి వెళ్లింది. షెరీఫ్ ఆఫీసులో డెప్యుటీ మంచివాడే. ఉన్నమాట చెప్పాడు. "మీరు ఫోన్ చేస్తే తప్పకుండా వస్తామండీ. కానీ ఆ లోయలోకి మేం వచ్చేసరికి ఏం జరగాలో అది జరిగిపోయుంటుంది. అసలక్కడ ఫోన్ పలకదు కూడా."

ఇంట్లో భర్త వదిలివెళ్లిన వేటతుపాకులు ఉన్నాయి. అవి పని చేస్తున్నంతసేపూ ఒంటిమీద ఉండేవి కావు, బయటికి కనపడకుండా దాగేవీ కావు. బట్టల కింద పెట్టుకునే చిన్న పిస్టల్ కావాలనుకుంది. చదువుకుని, పరీక్ష రాసి, లైసెన్స్ కూడా తీసుకోవాలనుకుంది. ఆదివారం భోజనాల దగ్గర ఆ మాట బయటపెట్టేసరికి ఆమె బావ హోయ్ట్ చెంచా కిందపెట్టేశాడు.

హోయ్ట్ నెల్డా అక్క లెవోన్‌కు భర్త. పత్తిగింజల నూనె మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మా ఊరి తుపాకీ క్లబ్బులో బట్టల కింద దాచుకునే పిస్టళ్ల పోటీ పెడితే ఏటా ఆయనదే గెలుపు. మనసు వెన్న, నోరు మాత్రం ఆగదు.

"మరదలా, నీకెందుకే ఈ తిప్పలు? అయిదు తూటాల బుల్లి రివాల్వర్ ఒకటుంది. లిప్‌స్టిక్‌లా బ్యాగులో పడేసుకో."

"బ్యాగు వేసుకుని లాడాలు కొట్టమంటావా బావా?"

"ఉన్నవి మూడు వేళ్లు. ఆ చేతికి బుల్లిది కాక ఫిరంగి కావాలా?"

"నీ నోటికి మూత లేదుగానీ ఆ బఠాణీల గిన్నెకైనా మూత పెట్టు" అని లెవోన్ మొగుణ్ణి కసిరింది.

తర్వాతి శనివారం నెల్డా కర్టిస్ ట్రామెల్ తుపాకుల కొట్టుకు వెళ్లింది. కర్టిస్ నిదానస్తుడు. ఏదీ అంటగట్టడు. కొట్టు వెనకాల మట్టిగట్టు ఉంది, అక్కడ కాల్చి చూసుకోవచ్చు. హోయ్ట్ చెప్పిన రివాల్వర్‌తోనే మొదలుపెట్టారు. తేలిగ్గా ఉంది, జేబులో ఇట్టే ఇమిడిపోతుంది. కానీ ట్రిగ్గర్ ఎంత నొక్కినా వెనక్కి రాదు. వచ్చేసరికి చెయ్యి వణికి గురి తప్పుతోంది. చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి పోగా, పిడిని పట్టుకోవడానికి ఆమెకు మిగిలింది బొటనవేలు, నడిమివేలు మాత్రమే. తూటా పేలగానే రివాల్వర్ ఎగిరి నుదుటి దాకా వచ్చింది.

రెండోది అరచెయ్యంత పలచటి పిస్టల్. చొక్కా కింద పెట్టుకుంటే ఉందని ఎవరికీ తెలియదు. అయితే దాని పైభాగాన్ని వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా లోపలికి ఎక్కుతుంది. అంత చిన్న పిస్టల్లో స్ప్రింగ్ మహా బిరుసు. ఎంత గుంజినా రాలేదు.

మూడోది దానికన్నా కాస్త పెద్దది, కాస్త లావు. స్ప్రింగ్ మెత్తగా ఉంది. పిడి చేతినిండా వస్తుంది. అలా నిండుగా పట్టే చెయ్యి ఆమెకు లేదు. తూటాలన్నీ మట్టిగట్టులో తలో దిక్కుకూ పోయాయి.

"ఇవాళ్టికి వదిలేయండి మేడమ్, చెయ్యి అలిసిపోయింది" అన్నాడు కర్టిస్.

ఆ సాయంత్రం నెల్డా అక్క ఇంటి వరండాలో కూర్చుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి. లెవోన్ చిక్కుడుకాయలు ఒలవడం ముగించి గిన్నె పక్కన పెట్టింది. తర్వాత అంది: "అవునే, ఆ ఎడమచేతికి అయిదు వేళ్లున్నాయిగా. దాన్నెందుకు ఖాళీగా కూర్చోబెట్టావు?"

నెల్డా తన ఎడమచేతిని చూసుకుంది. ఇన్నేళ్లుగా తన్నే గుర్రాల కాళ్లను బిగించి పట్టింది ఆ చెయ్యే.

మర్నాడే కర్టిస్ కొట్టు తలుపు తట్టింది. ఆదివారం కొట్టు తెరవడు, అయినా తెరిచాడు. ఎడమచేతితో అయితే పిడిలోని తూటాల డబ్బాను వదిలే మీట అవతలి వైపున ఉంటుంది, బొటనవేలికి అందదు. పలచటిదానిలో ఆ మీట మార్చే వీలు లేదు. మూడోదానిలో ఉంది. కర్టిస్ విప్పి, మీటను కుడివైపుకు మార్చి బిగించి ఇచ్చాడు. పైభాగాన్ని ఆ మూడు వేళ్లే లాగగలిగాయి, స్ప్రింగ్ అంత మెత్తన. మొదటి తూటా కాగితం అంచుకు తగిలింది. తర్వాతవి నెమ్మదిగా మధ్యకు జరిగాయి.

"ఇదే" అంది నెల్డా.

"తొందరపడకండి. చేతికి కుదిరితే సరా, ఒంటికి కూడా కుదరాలిగా" అని కర్టిస్ నీలంరంగు ప్లాస్టిక్ బొమ్మ ఒకటి ఇచ్చాడు. అచ్చం ఆ పిస్టల్ కొలతే, శిక్షణకు వాడతారు. "దీన్ని పెట్టుకుని పని చేసి చూడండి."

అసలు కష్టం అక్కడే మొదలైంది. లాడాలు కొట్టేవాళ్లు రోజంతా నడుము వంచే ఉంటారు. నడుము దగ్గర పెడితే పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంది. వీపు వైపు పెడితే వంగినప్పుడు చొక్కా లేచి బయటపడింది. బూటులో పెడితే ముందు కట్టుకునే తోలు ఆప్రాన్‌కు తట్టుకుంది. ఒకరోజు బ్రాంట్లీ వాళ్ల రాంచ్‌లో గుర్రం వెనక్కి తగ్గగానే ఆ నీలం బొమ్మ జారి పేడలో పడింది. కౌబాయ్‌లు కంచె పట్టుకుని నవ్వారు.

"నెల్డా అత్తా, నీళ్లు చిమ్మేదా అది?"

"కాదురా, ఎక్కువ వాగేవాళ్ల నోట్లో కుక్కేది" అని తుడుచుకుని, మళ్లీ గిట్ట పట్టుకుంది.

హోయ్ట్‌కు ఆ కబురు సాయంత్రానికల్లా చేరింది. "చిన్నది తీసుకోవే అంటే విన్నావా? ఇప్పుడు కౌంటీ అంతా నీ బొమ్మ కథే" అన్నాడు.

"చిన్నది దాక్కుంటుంది బావా, నేను కాదన్నానా? అవసరానికి చేతిలో నిలవకపోతే దాక్కుని ఏం లాభం?"

చివరకు జీనులు కుట్టే ముసలాయన దగ్గరకు వెళ్లింది. ఆయన ఆమెను తన పనిబల్ల ముందు గుర్రం కింద ఉన్నట్టే వంగమని, చుట్టూ తిరిగి చూశాడు. వంగినా కదలని చోటు కుడి చంక కింద, పక్కటెముకల పైభాగమని తేల్చాడు. భుజాల మీదుగా పట్టీలతో, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పేసే తోలు ఒర కుట్టాడు. దాని మీద వదులు చొక్కా వేసుకుంటే ఏమీ తెలియదు. రోజంతా పనిచేసినా నెల్డాకు అది గుచ్చుకోలేదు. ఆ రోజే వెళ్లి అసలు పిస్టల్ కొంది.

ఆ వేసవంతా పని అవగానే మట్టిగట్టు దగ్గరే ఉండేది. లైసెన్స్ క్లాసుకు వెళ్లి, పిస్టల్ ఎప్పుడు తీయకూడదో చెప్పే పాఠాన్ని రెండుసార్లు విన్నది. గురి పరీక్షలో ఆ బ్యాచ్‌లో ఆమెదే మొదటి స్థానం. లైసెన్స్ కార్డు చేతికి రాగానే లోయలోని రాంచ్‌లన్నిటికీ తనే ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది.

అక్టోబరులో ఆ గేటు దగ్గరే మళ్లీ బూడిదరంగు ట్రక్కు అడ్డంగా కనిపించింది. ఈసారి నెల్డా అద్దాలు బిగించుకుని కూర్చోలేదు. ట్రక్కు దిగి, తెరిచిన తలుపు వెనక నిలబడింది. ఎడమచెయ్యి చొక్కా లోపల ఉంది.

"గేటుకు అడ్డం తియ్."

"ఎందుకమ్మా అంత కోపం? నాలుగు మాటలు మాట్లాడదామనేగా."

"నీతో నాకు మాటల్లేవు. బండి తియ్."

వాడు ఆమె మొహం చూశాడు, చొక్కాలోకి వెళ్లిన చెయ్యి చూశాడు. నవ్వు చెరిగిపోయింది. బండి వెనక్కి తిప్పి, కంచె కొయ్య ఒకదాన్ని విరగ్గొట్టుకుంటూ వెళ్లిపోయాడు. పిస్టల్ ఒరలోంచి బయటికి రానేలేదు. నెల్డా బండి నంబరు గుర్తుపెట్టుకుని డెప్యుటీకి చెప్పింది. పక్క కౌంటీలో జీనుల దొంగతనాలకు వెతుకుతున్నది వాణ్ణేనని తేలి, ఆ వారంలోనే పట్టుకున్నారు.

నవంబరులో క్లబ్బు పోటీ. చొక్కా కింద నుంచి పిస్టల్ తీసి వరసగా ఇనప పళ్లేలు పడగొట్టాలి. తక్కువ సమయంలో అన్నీ పడగొట్టినవాళ్లదే గెలుపు. నెల్డా పేరు పలకగానే హోయ్ట్ టోపీ వెనక్కి నెట్టి, "మరదలా, మెల్లగా కాల్చు, పళ్లేలు నొచ్చుకుంటాయి" అన్నాడు. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఒక్కొక్కరే తగ్గుతూ చివరకు ఇద్దరే మిగిలారు, బావా మరదలూ. హోయ్ట్ ముందు కాల్చాడు. ఆయన చేతి వేగం మాకందరికీ తెలిసిందే. ఆఖరి పళ్లెం ఒక్కటి మాత్రం మొదటి తూటాకు పడలేదు, రెండోది కావాల్సివచ్చింది. తర్వాత నెల్డా వచ్చి నిలబడింది. మొదలుపెట్టమనే కూత వినగానే ఎడమచెయ్యి చొక్కా కిందికి వెళ్లింది, కుడిచేతి మూడు వేళ్లూ దానికి కింద ఆసరాగా వచ్చాయి. పళ్లేలు ఒకదాని వెంట ఒకటి టంగుటంగుమని వాలిపోయాయి. దేనికీ రెండో తూటా అక్కర్లేకపోయింది. లెక్క చూస్తే ఆమె సమయమే తక్కువ.

లెవోన్ కుర్చీ మీదికెక్కి చప్పట్లు కొట్టింది. మొగుడు ఓడిపోయాడన్న బాధ ఆమె మొహంలో వెతికినా కనపడలేదు.

కిందటేడు గెలిచినవాడే వెండి బెల్టు బకిల్‌ను కొత్త విజేతకు ఇవ్వాలి. హోయ్ట్ టోపీ తీసి, దాన్ని తన చొక్కాకు తుడిచి ఇచ్చాడు.

"ఆ బుల్లి రివాల్వర్ కొనమన్నాను చూడు, నా అంత మొద్దు లేడు."

"మొద్దువి కావు బావా. నీ చేతికి కుదిరేది నువ్వు చెప్పావు."

ఆ సాయంత్రం క్లబ్బు హాల్లో గొడ్డుమాంసం, బీన్స్, పీచ్ పళ్ల తీపి వంటకం. ఫిడేలు వాయించేవాళ్లు వచ్చారు. సాసరంత బకిల్ పెట్టుకుని నెల్డా ముందు కర్టిస్‌తో, తర్వాత జీనులు కుట్టే ముసలాయనతో, ఆ తర్వాత హోయ్ట్‌తో డాన్స్ చేసింది. మధ్యమధ్య ఆడవాళ్లు చుట్టూ మూగారు. బడి బస్సు నడిపే ఆవిడ, నర్సు, బ్రాంట్లీ వాళ్ల కోడలు, అందరిదీ ఒకటే ప్రశ్న: "నన్నేది కొనమంటావు?"

"నేనెలా చెప్తాను? శనివారం మట్టిగట్టు దగ్గరికి రండి" అని నవ్వి, ఆమె మళ్లీ పాటలోకి వెళ్లిపోయింది.