వెర్నా ఎగరని రోజు

మా స్టూడియో తీసే పాటల సినిమాల్లో ప్రేమ ఎలా పుడుతుందో చెప్తాను వినండి. ఒక అమ్మాయి తన దారిన తను పోతుంటుంది. హీరో వెంటపడతాడు. పొమ్మంటుంది, పోడు. తలుపు దగ్గరికి వెళ్తే తలుపుకి అడ్డంగా నిలబడతాడు, టోపీ తీసుకుంటే టోపీ లాక్కుంటాడు, కుర్చీలో కూర్చుంటే కుర్చీతో సహా ఎత్తుతాడు. చెంప పగలగొడితే నవ్వుతాడు. చివరికి నడుం పట్టుకుని గాల్లోకి లేపేసరికి ఆ పిల్లకి ఉన్నపళంగా కళ్ళు మత్తుగా మూతలు పడిపోతాయి. ఇదే పని మా వీధిలో ఎవడైనా చేస్తే పోలీసుని పిలుస్తాం. వెనకాల వయొలిన్లు వాయిస్తే మాత్రం టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి మరీ కళ్ళు తుడుచుకుంటాం.

నేను తుడుచుకోను. ఆ పాటలకి రిహార్సల్ హాల్లో పియానో వాయించింది నేనే. నా పేరు ఐడా. యుద్ధం అయిపోయిన కొత్తల్లో, హాలీవుడ్‌లో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే వరసలు వాయించి వాయించి నాకు ప్రేమంటేనే వెగటు పుట్టింది. నా గోల వదిలేయండి. చెప్పాల్సింది వెర్నా గురించి.

వెర్నా లిండ్‌క్విస్ట్ నెబ్రాస్కాలో మొక్కజొన్న రైతుల పిల్ల. కంచెలు దూకుతూ పెరిగిన కాళ్ళు. మా హీరోయిన్ మిస్ డెలమీర్ నిద్ర లేచి, ముస్తాబై, స్టూడియోకి వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. అప్పటిదాకా వెర్నాయే హీరోయిన్. కింద పడేది తనే, మోకాళ్ళు చెక్కుకుపోయేది తనకే. డాన్సు కుదిరాక అది మిస్ డెలమీర్‌కి నేర్పించి పక్కకి తప్పుకునేది. తెర మీద పేరుండదు. అయినా ఆ పిల్లకి ఆ పనంటే ప్రాణం. "ఐడా, పడుకుంటే కలలో కూడా కాళ్ళు కదుల్తున్నాయే," అనేది, అదేదో వరమైనట్టు.

హీరో బదులు ఆడేవాడు రాయిస్ పెనింగ్టన్. డాన్సు మాస్టారు హేగడార్న్‌కి కుడిభుజం. చక్కనివాడే, కాదనను. నల్లగా నూనె రాసి దువ్విన జుట్టు, పలువరస. ఆ పలువరస చూసి ఏ ఆడదైనా కరిగిపోతుందని వాడి నమ్మకం. పొద్దస్తమానం వీళ్ళిద్దరూ అద్దాల ముందు ఆ వెంటపడే డాన్సే ఆడేవాళ్ళు. తలుపు, టోపీ, కుర్చీ, చివర్లో గాల్లోకి లేపడం.

ఆ లేపడం గురించి ఒక్క మాట. చూసేవాళ్ళకి మగాడు ఆడదాన్ని పువ్వులా ఎత్తినట్టుంటుంది. అబద్ధం. ఆడది మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, తనంతట తానే ఎగురుతుంది. వాడు కింద నుంచి చేతులు ఆనిస్తాడు, అంతే. డాన్సు వచ్చిన ప్రతివాడికీ ఇది తెలుసు, రాయిస్‌కీ తెలుసు. కానీ వెర్నా ఎంత బాగా ఎగిరేదంటే, వాడు ఆ సంగతి మర్చేపోయాడు. క్యాంటీన్లో చొక్కా చేతులు మడిచి కండలు చూపించేవాడు. "వెర్నాని ఒంటి చేత్తో లేపుతాను. దూదిలా వస్తుంది నా చేతిలోకి," అనేవాడు. పక్కన వెర్నా సూపు తాగుతూ ఉండేది.

అలాంటివాడు వెర్నాని పెళ్ళి చేసుకుందాం అన్నాడు. వెర్నా వద్దంది. మర్యాదగానే చెప్పింది. "నాకు ఇష్టం లేదు రాయిస్. నాకు డాన్సు కావాలి."

"డాన్సెందుకు బంగారం? పాసడీనాలో ఇల్లు చూశాను. పెళ్ళయ్యాక నా పెళ్ళాం పదిమందిలో చెమటలు కక్కక్కర్లేదు."

"చెమటే నాకిష్టం. నువ్వు కాదు."

వాడు పలువరస మొత్తం బయటపెట్టి, "కాదన్నావంటే మనం ఇంకా మూడో రీల్లోనే ఉన్నామన్నమాట," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పియానో మూత వాడి వేళ్ళ మీద వెయ్యాలనిపించింది. అప్పటినుంచి ఆ పిల్ల ఏమన్నా అదే మాట. విసుక్కుంటే మూడో రీలు, అరిస్తే నాలుగో రీలు. తిట్టూ శాపనార్థం అన్నీ వాడి లెక్కలో ప్రేమకి మెట్లే.

గట్టిగా తిప్పికొట్టడానికి లేదు. తర్వాతి సినిమాకి ఎవర్ని పిలవాలో మాస్టారికి చెప్పేది రాయిసే. వాడు పెదవి విరిస్తే వెర్నా నెబ్రాస్కా రైలెక్కాల్సిందే. ఒప్పుకుంటే పాసడీనా వంటింటికి పోవాలి. ఎటు పోయినా డాన్సు పోతుంది.

ఒక సాయంత్రం వెర్నా ట్రాములో ఇంటికి పోతుంటే వెనకే ఎక్కాడు. కండక్టరుతో గుసగుసగా, "మా ఆవిడ అలిగింది. దిగుతానంటే ఆపకు," అన్నాడు. ఆ కండక్టరు మహానుభావుడు కిసుక్కున నవ్వి, వెర్నా దిగాల్సిన చోట గంట కొట్టి బండి ముందుకి పోనిచ్చాడు. "నేను వీడి పెళ్ళాన్ని కాదు!" అని ఆ పిల్ల కేకలు పెడుతుంటే బండి బండంతా ముసిముసిగా నవ్వింది. ఒక ముసలావిడైతే, "మొగుడి దగ్గర అంత పంతం పనికిరాదే తల్లీ," అని బుద్ధి కూడా చెప్పింది. వానలో వెనక్కి నడుచుకుంటూ ఇల్లు చేరింది వెర్నా.

ఇంకోసారి తలుపు తీసేసరికి వాడు ఆమె గదిలో, ఆమె పొయ్యి మీద, గుడ్లు వేయిస్తున్నాడు. గది అద్దెకిచ్చిన ఇంటావిడ తాళం ఇచ్చిందట. "అంత అందగాడు మెట్ల మీద కూర్చుంటే చూడలేకపోయానమ్మా," అందావిడ. చూడలేకపోతే కళ్ళు మూసుకోవచ్చుగా!

వెర్నా వెళ్ళి మాస్టారితో చెప్పుకుంది. ట్రాము సంగతీ, గుడ్ల సంగతీ, అన్నీ. హేగడార్న్ చుట్ట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. నేను పియానో దగ్గర్నుంచి చూస్తున్నాను. అమ్మయ్య, ఒక మనిషైనా విన్నాడు అనుకున్నాను. విన్నాక లేచి చప్పట్లు కొట్టాడు.

"అద్భుతం! ట్రాములో డాన్సు! బండంతా పాడుతుంది! రాయిస్, ఇలా రా!"

నా తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మర్నాడే చెక్క ట్రాము కట్టించారు. వెర్నా అందులో ఎక్కి, దిగబోతూ, దిగలేక, పాటకి తగ్గట్టు కోపంగా కాలు నేలకేసి కొట్టాలి. "ఇంకొంచెం ముద్దుగా కొట్టమ్మా," అనేవాడు హేగడార్న్. "నిజంగా కోపమొచ్చినట్టుంది." ఏం చెప్పను? ఈ ఊళ్ళో అందరికీ ఇలాంటి కథలతోనే కడుపు నిండుతుంది. నిజంగా వద్దంటే అది వద్దనడమేనని తెలిసినవాడు ఒక్కడూ లేడు.

చివరి పాట తీసే రోజు వచ్చింది. హీరో హీరోయిన్లు దిగే ముందు, దీపాలు సరిచూసుకోవడానికి వెర్నా, రాయిస్ ఒకసారి ఆడి చూపించాలి. పొద్దున్నే రాయిస్ నా పియానో మీద మోచెయ్యి ఆనించాడు.

"ఐడా, చివర్లో లేపి దింపగానే మోకాలి మీద కూర్చుని ఉంగరం తీస్తాను. నువ్వు పెళ్ళిపాట ఎత్తుకో. పైన దీపాలవాళ్ళు కాగితం పూలు చల్లుతారు. అందరికీ చెప్పేశాను."

"వెర్నాకి చెప్పావా?"

"ఇంతమంది ముందు కాదంటుందా ఏంటి?" అన్నాడు, కన్ను కొట్టి.

నేను తిన్నగా వెర్నా దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. డోనట్ల బల్ల దగ్గర కాఫీ తాగుతోంది. మొహం పాలిపోయింది. కప్పు కింద పెట్టింది.

"మోకాలి మీద కూర్చునే ముందు నన్ను లేపాలిగా?" అంది.

"లేపాలి."

"సరే." ఇంకో డోనట్ తీసుకుని, నెమ్మదిగా తిని, వేళ్ళకంటిన చక్కెర కూడా నాకేసింది.

దీపాలు వెలిగాయి. వాయించడం మొదలెట్టాను. తలుపు దగ్గరికి వెళ్ళింది, అడ్డం నిలబడ్డాడు. టోపీ తీసుకుంది, లాక్కున్నాడు. కుర్చీ కూడా అయింది. ఆ పూట వెర్నా ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. ఇక చివరిది. రాయిస్ ఆమె నడుం పట్టుకున్నాడు, జనం వైపు పలువరస తిప్పాడు, లేపబోయాడు.

వెర్నా ఎగరలేదు.

రెండు కాళ్ళూ నేలకి మేకులు కొట్టినట్టు నిలబడింది. వాడి నడుం కటుక్కుమంది. ఆ చప్పుడు పియానో మీదుగా నాకు వినిపించింది. "అమ్మా!" అని మోకాళ్ళ మీద కూలబడ్డాడు, సరిగ్గా ఉంగరం తీయాల్సిన భంగిమలోనే! ఇంకేముంది, అనుకున్నట్టే జరుగుతోందని అందరూ చప్పట్లు. పై నుంచి కాగితం పూలు. "పాట, పాట!" అని నా మీద కేకలు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

రాయిస్ పూలలో మోకరిల్లి, నోరు తెరిచి, ఊపిరి తీసుకోలేక, "బంగారం... ఎందుకు ఎగరలేదు?" అన్నాడు.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఎగరాలా? ఒంటి చేత్తో లేపేది నువ్వే కదా," అంది వెర్నా. అక్కడక్కడ నవ్వులు లేచాయి. ఆమె నవ్వలేదు. "ఇన్నాళ్ళూ ఎగిరింది నేనే, రాయిస్. ఉద్యోగం కాబట్టి ఎగిరాను. ఇవాళ ఎగరను. కాదనడమంటే ఇది. బాగా గుర్తుపెట్టుకో."

"ఇది ఎన్నో రీలు రాయిస్?" అని పైనుంచి దీపాల అబ్బాయి అరిచాడు. ఈసారి అందరూ పగలబడి నవ్వారు. చెప్పొద్దూ, నాకు మాత్రం ఏడుపొచ్చింది, సంతోషంతో.

హేగడార్న్ ఎర్రగా ఉడికిపోతూ వచ్చాడు. "సాయంత్రం లోపల మూట సర్దుకో!" అన్నాడు వెర్నాతో.

అప్పుడు మిస్ డెలమీర్, చివరి పాట కదాని ఆ పూట పెందలాడే వచ్చి కుర్చీలో గోళ్ళ రంగు ఆరబెట్టుకుంటున్న మనిషి, తలెత్తకుండానే అంది: "మాస్టారూ, మధ్యాహ్నం ఎగరాల్సింది నేను. ఎప్పుడు ఎగరాలో చెప్పడానికి వెర్నా పక్కన లేకపోతే, మర్చిపోతానేమో."

ఆవిడని లేపాల్సిన మా హీరోగారు అప్రయత్నంగా తన నడుం పట్టుకున్నాడు. "ఉంచండి మాస్టారూ! ఆ అమ్మాయిని ఉంచండి!"

ఉంచారు. రాయిస్‌ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకుపోయారు. వాడు మంచం దిగేదాకా తర్వాతి సినిమాకి మాస్టారి పక్కన నిలబడింది వెర్నాయే, దిగాక కూడా వెర్నాయే. అప్పుడు తీసిన సినిమా బ్రహ్మాండంగా ఆడింది. అన్నిటికన్నా ఎక్కువ ఈలలు ట్రాము పాటకే పడ్డాయి. జనం బుద్ధి మారుతుందని నేనెప్పుడూ అనుకోలేదు లెండి.

ఒక రోజు పని అయ్యాక ఇద్దరం ట్రాము కోసం వచ్చాం. బెంచీ మీద రాయిస్! నడుముకి చొక్కా మీంచి కనిపించేంత మందం పట్టీ. వెర్నాని చూడగానే పాత పలువరస వెలిగింది. "బంగారం, ఆఖరి రీలు ఇంకా మిగిలే ఉంది," అంటూ లేచి, దారికి అడ్డంగా రెండు చేతులూ చాచాడు.

వెర్నా అరవలేదు, తిట్టలేదు. వాడి ఎదురుగా నిలబడి మోకాళ్ళు కొంచెం వంచింది, ఎగరబోతున్నట్టు.

రాయిస్ కెవ్వుమని నడుం పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు.

ట్రాము వచ్చింది. అదే కండక్టరు. వెర్నాని గుర్తుపట్టి, బెంచీ వైపు చూసి, "మీ ఆయన ఎక్కలేదేం అమ్మాయ్?" అన్నాడు, నవ్వుతూ.

"వాడు మా ఆయన కాదు. ఆ రోజూ అదే చెప్పాను," అంది వెర్నా. "గంట కొట్టు. నేను దిగాల్సిన చోట ఆపు."

ఆపాడు.