బ్యాంకాక్ తొవ్వలో తప్పిపోయిన మూడు గంటలు

మా ఓనరు కైలాసం గారంత అనుమానం పక్షిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చార్మినార్ దగ్గర లక్క గాజులకు అద్దే రాళ్ళ హోల్‌సేల్ దుకాణం ఆయనది. వెనక వాళ్ళ కాపురం, పైన అద్దెకు నేను. తాళం వేసి లాగుతారు, నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి లాగుతారు. చాయ్ తెచ్చే భాయ్‌ని "పాలల్ల నీళ్ళెన్ని పోసినవ్?" అని అడగందే గ్లాసు ముట్టరు.

ఆ ఇంట్లో తాతల నాటి రివాజు ఒకటుంది. సరుకుకు వెళ్ళొచ్చినవాడు మంచినీళ్ళు తాగే ముందే, దుకాణంలో కూర్చునే గద్దె మీది తెల్ల దుప్పటిపై జేబులు తిరగేసి దులపాలి. కుట్లలో ఇరుక్కున్న చిన్న రాయి కూడా పోకూడదని పెద్దలు పెట్టారట. కైలాసం గారి చేతిలో అది పోలీసు సోదా అయిపోయింది.

తండ్రి పోయాక తమ్ముడు శ్రవణ్‌కుమార్‌ను ఆయనే పెంచారు. ఆ తమ్ముడు పదిహేనేళ్ళుగా దుకాణంలో చాకిరీ చేస్తున్నా గల్లా తాళంచెవి మాత్రం చేతికి రాలేదు. ఎప్పుడు వేరు పడతాడోనని వదిన విమలాదేవి గారికి ఒకటే గుబులు.

మొన్న శ్రవణ్ మొదటిసారి బ్యాంకాక్ వెళ్ళి రాళ్ళు తెచ్చాడు. ఆ రాత్రి నేను పేపరు కోసం దిగేసరికి జేబులు దులుపుతున్నాడు. టికెట్ కాగితం పడింది. కైలాసం గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"ఏందిరా ఇది? పోయేటప్పుడు పదికి ఎక్కి మూడింటికి దిగినవ్. వచ్చేటప్పుడు నాలుగుకు ఎక్కి ఆరింటికే దిగినవ్. తొవ్వ గదే కదా? నడుమ మూడు గంటలు యాడ దిగినవ్? ఎవని దగ్గర సరుకు చూసినవ్?"

"గాలిల యాడ దిగుతరన్నా?"

నాకు ఒళ్ళు మండింది. "అయ్యా, దూరం రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు. ఎటు వెళ్ళినా మూడున్నర గంటలే. వాళ్ళ గడియారం మనకంటే గంటన్నర ముందు. పోయేటప్పుడు ఆ గంటన్నర కలుస్తుంది, వచ్చేటప్పుడు తగ్గుతుంది. రెండూ కలిపితే మీ మూడు గంటలు," అన్నాను.

ఆయన వేళ్ళ మీద లెక్కేసుకుని, ఇంకొకరికి ఫోన్ చేసి అడిగి, చివరికి నవ్వారు. "సరే తీయ్. ఫికర్ పోయింది. నీళ్ళు తాగు."

శ్రవణ్ నవ్వలేదు. "ఇంకో జేబున్నదన్నా. చొక్కా లోపలిది. గది నువ్వు చూడలే," అంటూ ఒక తాళంచెవి తీశాడు. "కార్వాన్ బస్తీల దుకాణానిది. పోయే ముందే కిరాయికి మాట్లాడిన. వాపస్ వచ్చేటప్పుడు విమానంల కూసున్నంతసేపూ ఒకటే సోచాయించిన. మా అన్న ఒక్కడైతడు, రేపే ఈ తాళంచెవి వాపసిచ్చేద్దామనుకుని దిగిన. గా మూడున్నర గంటలు నేనేం చేసిననో గిది. సమజైందా?"

తాళంచెవి మళ్ళీ లోపలి జేబులో వేసుకుని, వదిన పట్టుకొచ్చిన నీళ్ళు కూడా ముట్టకుండా బయటికి నడిచాడు.

కైలాసం గారి ముఖం పాలిపోయింది. పాపం అనిపించి ఏదో ఓదార్పు మాట చెప్పబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు:

"సారూ, నిజంగనే వాపసిద్దామనుకున్నడంటరా? లేకుంటే ఊకెనే అన్నడా?"

విమలాదేవి గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.