ఆరిళ్ల సోయా పైసలు

మొన్న స్టేషన్ రోడ్డు మీద చాయ్ తాగి ఫోన్‌తో పది రూపాయలు కొట్టగానే, గల్లాపెట్టె పక్కనున్న చిన్న డబ్బా ఒకటి డబ్బు ముట్టిందని మరాఠీలో నలుగురికీ వినబడేలా చాటింది. చాయ్ అతను తలెత్తి కూడా చూడలేదు. పంపిన డబ్బు చేరిందో లేదో ఇలా గొంతెత్తి చెప్పే యంత్రం వస్తుందని మా రోజుల్లో ఎవరైనా అని ఉంటే, దాని కాళ్లు మొక్కే వరసలో మొదట నేనే నిలబడేవాణ్ణి. ఎందుకంటే అప్పట్లో ఆ చెప్పే పని నాది. నా జీతం ఆ డబ్బా ఖరీదు కంటే మరీ ఎక్కువేం కాదు, దాని మాట మీదున్నంత నమ్మకం మాత్రం నా మాట మీద ఎవరికీ ఉండేది కాదు.

నాందేడ్‌లో ఒక నూనె మిల్లు కంపెనీలో, ట్రెజరీ అనే విభాగంలో కుదిరాను. మా అమ్మ నాయ్‌గావ్ చుట్టాలందరికీ కొడుకు ఖజానాలో ఉన్నాడని చెప్పుకుంది. ఆ ఖజానా మెట్ల కింద గది అని, అందులో రెండు కంప్యూటర్లు, ఒక కూలరు, ఒక బెంచీ తప్ప దోచుకోదగినదేమీ లేదని నేనూ చెప్పలేదు. చెక్కులు పోయి, రైతుల ఖాతాల్లోకి కంప్యూటర్ మీదనే డబ్బు పంపడం అప్పుడప్పుడే మొదలైంది. మేం పంపామన్న జాబితా ఒకవైపు, బ్యాంకు ఇచ్చిన స్టేట్‌మెంటు ఒకవైపు పెడితే, రెండింటిలోనూ ఒకే మొత్తం కనబడ్డచోట సాఫ్ట్‌వేరు జతకట్టి ఆకుపచ్చ రంగు పూసేది. జత దొరకనివి ఎర్రగా ఉండిపోయేవి. సాయంత్రానికి ఎరుపు లేకుండా చూడటమే నా ఉద్యోగం. వినడానికి సుఖంగానే ఉంటుంది.

ఆ సుఖానికి మర్ఖేల్ వైపు నుంచి వచ్చిన ఒక టెంపో అడ్డుపడింది. అక్కడ మన తెలుగువాళ్లవే ఆరిళ్లు, పక్కపక్క చేలవాళ్లు, ఒకే కిరాయి యంత్రంతో సోయా నూర్చి, ఒకే కొట్టంలో పోసి, ధర కోసం ఎండాకాలం దాకా ఆగి, ఒకే టెంపోలో తెచ్చి అమ్మేవారు. వచ్చిన తూకాన్ని ఆరు సమాన వాటాలు వేయమనేవారు. ఎవరిది ఒక బస్తా ఎక్కువ, ఎవరిది తక్కువ అన్న మాట వాళ్ల మధ్య ఎన్నడూ రాలేదట. మనుషుల మధ్య అంత మంచి ఏర్పాటును నేనెక్కడా చూడలేదు, మా సాఫ్ట్‌వేరు అయితే అసలే చూడలేదు.

ఆ ఏడు వాళ్లకు పంపిన ఆరు చెల్లింపుల్లో ఒకటి తిరిగొచ్చింది. ఏదో బ్యాంకు శాఖను ఇంకో శాఖలో కలిపేసి కోడ్ మార్చారట. ఆ ఖాతా ఆరుగురిలో ఒక ఆడమనిషిది. భర్త పోయాక చేను తానే చూసుకుంటోంది. తిరిగొచ్చిన డబ్బు పక్కన బ్యాంకు స్టేట్‌మెంటులో పేరు లేదు, గుర్తింపు నంబరు సగానికే తెగిపోయింది, మిగిలింది మొత్తం ఒక్కటే. ఆ మొత్తం ఆరుగురికీ ఒకటే కదా. సాఫ్ట్‌వేరు జాబితాలో మొదటి పేరును పట్టుకుని, తిరిగొచ్చింది అతనిదేనని తేల్చి, మర్నాడు అతనికే మళ్లీ పంపేసింది. ఆ మొదటి పేరు ఆమె సొంత మరిది. అతనికి రెండుసార్లు ముట్టింది, ఆమెకు ఒక్కసారీ ముట్టలేదు, మా తెర మీద మాత్రం ఆరు గీతలూ పచ్చగా, చూడముచ్చటగా ఉన్నాయి.

ఆమె దెగ్లూర్ మీదుగా మొదటి బస్సుకు వచ్చి మా బెంచీ మీద కూర్చునేది. మిరుగం ముంచుకొస్తోంది, ఆ మృగశిర వానల్లో విత్తనం పడకపోతే ఆ ఏటికి చేను లేనట్టే. విత్తనాల దుకాణమతను ఉద్దెర ఇవ్వనన్నాడట. మొదటి రోజు నేను తెర తిప్పి చూపించి, అక్కా, ఇక్కడ పచ్చగా ఉంది చూడు, పోయినట్టే లెక్క అన్నాను. ఆమె చూసి అంది:

"నీ డబ్బల పచ్చగున్నది తమ్మీ. నా చేను ఇంక నల్లగనే ఉన్నది."

ఎవరికి ముట్టలేదో తెలుసుకోవడం కష్టమేం కాలేదు. మిగతా అయిదుగురికీ ముట్టిందని ఆమే చెప్పింది. కష్టమంతా తెలిశాకే మొదలైంది. మా సాహెబు దగ్గరికి వెళ్తే ఆయన తెర చూసి, "ఝాలా నా, మగ్ కశాలా?" అన్నాడు, అయిపోయింది కదా, ఇంకెందుకు అని. ఆమెకివ్వాలంటే ఆమె బాకీ కనబడాలి, కంప్యూటరులో బాకీ లేదు. బాకీ కనబడాలంటే బ్యాంకు ఉత్తరం కావాలి. బ్యాంకుకు వెళ్తే ఆ ఉత్తరం ముంబై నుంచి రావాలన్నారు. ముంబైకి ఫోన్ చేస్తే మీ శాఖను అడగండని చాలా మర్యాదగా చెప్పారు. నేను ఆ మూడు చోట్ల మధ్య ఎంతగా తిరిగానంటే, చివరకు బ్యాంకు కాపలాదారు నన్ను తనిఖీకొచ్చిన అధికారి అనుకుని సలాం కొట్టేవాడు. ఇంటికెళ్తే అన్నం సయించేది కాదు. వేపుడు పాడైందేమో అని మా ఆవిడ అనుకుంది, నేను కాదనలేదు.

ఆఖరికి మరిదికే ఫోన్ చేశాను.

"నేనడిగిన్నా సారూ? మీరే ఏసిండ్రు. కంపెనీకి దయ పుట్టిందేమో, బోనసనుకున్న," అన్నాడు. తర్వాత గొంతు తగ్గింది. "మొదటియి విత్తనాలకు తీసిన. రెండోయి నా చేతికెక్కడొచ్చినయ్? బ్యాంకోడు పంట లోన్ల పట్టుకున్నడు. ఒదినెకు నేనేం మొఖం సూపియ్యాలె, జెర మీరే చెప్పుండ్రి."

ఫోన్ పెట్టేసి, సాహెబును నా జీతం మీద అడ్వాన్సు అడిగితే, దేనికన్నాడు. సోయా విత్తనాలకు అని చెబితే, నీకు చేనుందా అన్నాడు. లేదన్నాను. ఆ కాగితం అక్కడే ఆగింది. మర్నాడు ఆకాశం మూసుకుని, మెట్ల కింద గదిలోకి కూడా తడి మట్టి వాసన వచ్చింది. లోకమంతా ఆ వాసనకు మురిసే రోజు అది. ఆమె లేచి కొంగు దులుపుకుని, "ఇగ కూసుని ఏం లాభం తమ్మీ, వాన నీ సాహెబునడిగి ఆగదు కదా," అని ఎవరినీ తిట్టకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే నాకు కాస్త తెరిపిగా ఉండేది.

బ్యాంకు ఉత్తరం వచ్చింది. రానే లేదంటే అన్యాయం అవుతుంది. కాకపోతే సోయా మోకాలి ఎత్తు ఎదిగాక వచ్చింది. కంప్యూటరు దారిలో పంపడానికి నాకు ధైర్యం చాలక, సాహెబును బతిమాలి చెక్కు రాయించి, సెలవు పెట్టి నేనే మర్ఖేల్ తీసుకెళ్లాను. ఆమె ఇంట్లో లేదు. చేనులో ఉందన్నారు. వెళ్తే, కూలీల వరసలో వంగి కలుపు తీస్తోంది. విత్తనానికి గతి లేక చేనును ఆ ఏటికి సగం పంట లెక్కన మరిదికే పాలుకిచ్చిందట. ఇప్పుడు అతని దగ్గర రోజు కూలికి వస్తోంది. చెక్కు తీసుకుని, మట్టి అంటకుండా రవికెలో దోపుకుంది.

"నా చేన్ల నాకే కూలి ఇస్తున్నరు తమ్మీ," అని నవ్వింది. "గిది గూడ నీ కంప్యూటర్ల ఎక్కియ్యి. పచ్చగ జేస్తదేమో."

తర్వాత కంపెనీ ఊరుకోలేదు, గట్టి చర్యే తీసుకుంది. ఒకే టెంపోలో వచ్చినా సరే, ఎవరి బస్తాలు వారివిగా తూచాలని, ఇద్దరికి ఒకే మొత్తం రాకూడదని ఉత్తర్వు వేసింది. సాఫ్ట్‌వేరును మార్చాలంటే ఖర్చు, మనుషులను మార్చడం ఉచితం. మరుసటి ఏడు వాళ్లు బస్తాలకు ఆరు రంగుల దారాలు కుట్టుకొచ్చారు. ఆమె ఒకవైపు, మరిది ఒకవైపు నిలబడి, ఒకే చేనులో పండిన రెండు సగాల కోసం కాంటా మీది అంకెల వైపే చూస్తున్నారు. ఎవరో కిలోన్నర తేడా అన్నారు. ఎవరో నువ్వు బరువు కోసం తడిపి తెచ్చావన్నారు. నా జాబితాలో ఆరు మొత్తాలూ వేరువేరుగా వచ్చాయి, సాఫ్ట్‌వేరు ఒక్క తప్పు లేకుండా జతకట్టింది, నేను వెలుతురు ఉండగానే ఇంటికి చేరాను.

ఇప్పుడు డబ్బు పంపే ముందే అవతలి మనిషి పేరు కనబడుతుంది, రెప్పపాటులో చేరుతుంది, చేరిందని ఇద్దరికీ కబురొస్తుంది. ఆ బెంచీ కూడా తీసేశారట, కూర్చునేవాళ్లు లేరు గనక. మన ఈడువాళ్లం కోరుకున్నదంతా ఇదే కదా, ఫిర్యాదు చేయడానికి నాకు నోరు రాదు. మొన్నామధ్య మిల్లు గేటు ముందు నుంచి వెళ్తుంటే మర్ఖేల్ వాళ్లు కనబడ్డారు. ఆరిళ్లవాళ్లూ ఆరు టెంపోలు మాట్లాడుకుని వచ్చారు. ఒక్కొక్కటీ సగానికి పైగా ఖాళీ.