పొడిచి చూడమన్న గొంతు

మా గుడివాడలో దెయ్యాల కథలు అల్లి జనం నిద్ర చెడగొట్టేది నేనే. సరుకు తయారయ్యేది మన దగ్గరే కాబట్టి, దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇది మాత్రం అల్లింది కాదు. అనుమానముంటే మా బావ నోరు తెరిపించి చూడండి, ముందు పన్ను ఉండదు.

రాజ్యం మా అక్క. నాగాయలంక దగ్గర చేపల చెరువులున్న ఇంటికిచ్చాం. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. ఇంట్లో కూర్చోమంటే వింటుందా? చేపల పట్టుబడి రోజున వల లాగేవాళ్లు తక్కువయ్యారని చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది.

ఆ తర్వాత జ్వరం పట్టుకుని వదల్లేదు. స్కాన్ తీస్తే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో మచ్చలు. క్యాన్సర్ పాకినట్టే ఉంది, అయినా సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు డాక్టరు గారు. బావ ససేమిరా అన్నాడు. సూది గుచ్చితే గడ్డ రేగి ఒళ్లంతా పాకుతుందని మా వైపు గట్టి నమ్మకం. అక్కను ఇంటికి తెచ్చేశాం, ఇక పోవడమే అనుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం, మంచినీళ్ల గ్లాసు ఎత్తలేని మనిషి ఒక్క ఊపున మంచం దిగింది. బావ జుట్టు పట్టుకుని ముఖాన్ని గుమ్మానికేసి బాదింది. పన్ను ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. విడిపించబోతే నా గొంతు పట్టి గోడకు నొక్కింది. నాకు కళ్లు బైర్లు కమ్మాయి.

"సచ్చినోడా, సూదితో పొడిపించి చూడరా! దాని ఒంట్లో ఉంది బురదరా, బురద!"

ఆ గొంతు అక్కది కాదు. ఏనాడో పోయిన ఆమె అత్తగారిది. బావ నోటినిండా రక్తంతో కాళ్ల మీద పడ్డాడు.

"పొడిపిస్తానమ్మా, వదలవే!"

"ఈ మాట నిన్ననే అనుంటే పన్ను మిగిలేది గదరా, ఎదవా!"

కడుపులో ఒక్క తన్ను తన్ని, అక్క కుప్పకూలింది.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి పరిగెత్తాం. సూది గుచ్చితే చీము వచ్చింది. క్యాన్సర్ కాదు, మెలియాయిడోసిస్ అన్నారు. తడి మట్టిలో బతికే సూక్ష్మజీవి, కీమోతో నీరసించిన ఒంట్లో దూరిందట. నెలల తరబడి మందులు వాడాక మచ్చలు కరిగాయి.

జ్వరం తలకెక్కి అలా చేసిందన్నారు డాక్టరు. బురదలో దిగిన సంగతి ఆమెకు తెలుసుగా అని మీరూ అంటారు. తెలుసు. జబ్బు అక్కడిదని మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

అక్కకు ఏమీ గుర్తులేదు. చెబితే పడీపడీ నవ్వింది.

"మా అత్తా? నా కోసమా? నాకు జ్వరమొస్తే పని ఎగ్గొట్టడానికే అనేది రా తమ్ముడూ!"

దెయ్యం సంగతి ఎలాగోలా సర్దుకుంటాను. ఆ అత్త ఈ కోడలి కోసం రావడమే ఇప్పటికీ నాకు అంతుపట్టదు.