నాలుగో బటన్

విజయనగరంలో ఒక కాలేజీ లైబ్రరీకి రెండేళ్ల క్రితం నేనే సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. ఈ రోజు మధ్యాహ్నం అక్కడి క్లర్కు అప్పలనాయుడు గారు ఫోన్ చేశారు. ఆయనకు చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాంతో పని చేస్తారు. పొద్దున్నుంచి ఎక్కించిన పుస్తకాల వివరాల్లో ఒక్కటీ సేవ్ కాలేదట.

వెళ్లి పక్కన కూర్చుని విన్నాను. ఒక బటన్ నుంచి తర్వాతి దానికి వెళ్లడానికి కీబోర్డు మీద ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ "బటన్, బటన్, బటన్" అంటోంది. అందంగా ఉంటుందని బటన్ల మీద బొమ్మలు పెట్టాను గానీ వాటికి ఆ ప్రోగ్రాం చదివే పేర్లు ఇవ్వలేదు. నాలుగోది సేవ్ అని ఆయన లెక్కపెట్టుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు. ఫారం ఖాళీ చేసే కొత్త బటన్‌ను నిన్న సరిగ్గా దాని ముందు పెట్టాను. ఇప్పుడు నాలుగోది అదే.

అక్కడికక్కడే అన్నిటికీ పేర్లు ఇచ్చాను. గంట కూడా పట్టలేదు. ఆయన మళ్లీ ట్యాబ్ నొక్కుతూ వెళ్లి ఒకచోట ఆగారు.

"ప్రింట్ అంటంది. ఇదెప్పుడెట్టారు బాబూ?"

"మొదటి నుంచీ ఉందండీ. ట్యాబ్ నొక్కితే దాని దగ్గర ఆగేలా నేనే చెయ్యలేదు. ఇప్పుడే సరిచేశాను."

"ఓలమ్మో! రోజూ లిస్టంతా అటెండరు సూరమ్మ సేత రాయించుకుంటన్నాను కదేటి!"

ఆయన నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

అన్నీ పరీక్షించే ఇస్తున్నానని అప్పట్లో కాగితం మీద సంతకం కూడా పెట్టాను. సాయంత్రం ఇంటికొచ్చి మానిటర్ ఆపేసి, ఆయనలాగే చదివి వినిపించే ప్రోగ్రాంతో అదే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క పుస్తకం ఎక్కిద్దామని కూర్చున్నాను. పేర్లన్నీ ఉన్నా మూడుసార్లు దారి తప్పాను. సాఫ్ట్‌వేర్ రాసే మిత్రులారా, మీరూ మానిటర్ ఆపి చూడండి. ఎక్కడ ఆగిపోయారో కింద రాయండి.