కన్నబాబు తెల్లబరిచిన ముఖాలు

మా నాన్న కన్నబాబుకి మలేషియాలోని బంటింగ్‌లో ముప్పై ఎనిమిదేళ్లు ఫోటో స్టూడియో ఉండేది. ఇప్పుడా గదిలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కొనేదేమీ లేకపోయినా అటు వెళ్ళినప్పుడల్లా తొంగి చూస్తాను. అప్పట్లో వెనక నీలం తెర, గాలి ఆడని ఆ గదిలో పౌడరూ కొబ్బరినూనే కలిసిన వాసన. ఆ వాసన కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

పామాయిల్ తోటల నుంచి మన తెలుగువాళ్ళు పెళ్ళిసంబంధాల ఫోటోలకి మోటారు సైకిళ్ల మీద వచ్చేవారు. "కుంచెం తెల్లగా రావాల లా, కన్నబాబూ" అనేవారు సిగ్గుపడుతూ, ఇక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. అడగనివాళ్ళకీ నాన్న చేసిపెట్టేవాడు. మొదట్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో, తర్వాత కంప్యూటర్లో. ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వడం ఎలాగో, ఆయనకి ఇదీ అలాగే. పదేళ్ళప్పుడు నాకు తీసిన ఫోటోనే చూసి నేను "ఈ ఫోటోలో పిల్లెవరు నాన్నా?" అనడిగితే పకపకా నవ్వాడు. ఆ నవ్వంటే నాకు ఇష్టం, ఆ ఫోటో అంటే కాదు.

ఏడేళ్ళ కిందట ఎన్నికల్లో శాంతాదేవి నిలబడింది. తోటలో పుట్టిన మా తెలుగు పిల్ల, వరసకి నాన్నకి అన్న కూతురు. మురుగుకాలవల ఇంజనీరుగా ఇరవై ఏళ్ళు చేసింది, వానొస్తే మునిగే వీధులన్నీ ఆమెకి కంఠతా వచ్చు. పత్రికలకి అవేమీ పట్టలేదు. మిగతా ముగ్గురు మలాయి, చీనా అభ్యర్థుల గురించి "న్యాయవాది", "వ్యాపారి", "మాజీ హెడ్మాస్టరు" అని రాసి, మా పిల్లని "తోట కూలీ కూతురు" అన్నారు. అబద్ధం కాదు. మరి ఆ ముగ్గురి తండ్రులూ ఏం చేసేవారో ఎవడూ రాయలేదు.

నలుగురి పోస్టర్లకీ ఫోటోలు తీసింది నాన్నే. నలుగురినీ తెల్లబరిచాడు. శాంతాదేవిని మన పిల్ల కదా అని ఇంకాస్త ఎక్కువ. ఆమె ప్రచారంలో తిరుగుతుంటే, ఆమెకి చూపించకుండానే ఫోటో ప్రెస్సుకి పంపేశాడు.

వారం తిరక్కుండా ఒక పత్రిక మొదటి పేజీలో ఆమెవి రెండు ముఖాలు పక్కపక్కన వేసింది. ఒకటి పోస్టరు మీదిది, రెండోది మిట్టమధ్యాహ్నం చెమటలు కారుతుండగా తీసింది. "తన రంగుకే సిగ్గుపడే మనిషి ప్రజలకేం నిజం చెబుతుంది?" అని కింద రాశారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. మిగతా మూడు పోస్టర్లూ మా వీధి కరెంటు స్తంభాలకి వేలాడుతూనే ఉన్నాయి, ఆ ముఖాల జోలికి ఎవడూ పోలేదు.

నాన్న రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేదు. నోరు విప్పితే ఆ ముగ్గురూ, వాళ్ళ మనుషులూ మళ్ళీ స్టూడియో గడప తొక్కరు. మూడో రోజు నన్ను కారు తియ్యమన్నాడు. క్లాంగ్‌లో ఆ పత్రిక ఆఫీసుకెళ్ళి, అసలు ఫోటోలు నాలుగూ బల్ల మీద పరిచాడు.

"నలుగురినీ నేనే తెల్లగా చేశాను. ఆ పిల్లకి తెలీదు. వేస్తే నలుగురివీ వెయ్యండి" అని మలాయిలో చెప్పాడు.

విలేకరి అంతా రాసుకున్నాడు, టీ కూడా ఇప్పించాడు. మర్యాదస్తుడే అనుకుంటూ తిరిగొచ్చాం.

మర్నాడు లోపలి పేజీలో చిన్న ముక్క వచ్చింది. శాంతాదేవి ఫోటోని మార్చిన మాట నిజమేనని స్టూడియో యజమాని ఒప్పుకున్నాడట. మిగతా ముగ్గురి ఊసే లేదు. నాన్న దాన్ని నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. నాకు అప్పుడు మండిన ఒళ్ళు ఇప్పటికీ చల్లారలేదు.

శాంతాదేవి ఓడిపోయింది. ఫలితాలొచ్చిన మర్నాడు స్టూడియోకి వచ్చింది. నాన్న చేతులు జోడించబోతే పట్టుకుని దించేసింది.

"ఆళ్ళ కాడికెల్లి నువ్వేటి సెప్పినావో నాకు తెల్సు, సిన్నాన్నా."

"నీ మంచికే అనుకున్నానమ్మా. తెల్లగుంటే నాలుగోట్లు ఎక్కువ పడతాయని."

"నా మొకంతో ఓడిపోతే బాగుండును. నువ్విచ్చిన మొకంతో ఓడిపోయినాను."

ఆమె కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాన్న తట్టుకునేవాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత రెండేళ్ళు స్టూడియో నడిపాడు. ఎవరొచ్చినా ముందే అడిగేవాడు, "ఉన్నదున్నట్టు తియ్యమంటారేటి?" అని. చాలామంది వద్దు, తెల్లగానే రావాలన్నారు.